‘తగినంత’ అంటే ఎంత?

సంపాదకులకు నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే పత్రికల ఆదివారం అనుబంధాల్లో ప్లమ్ కేక్ తప్పదు. తయారీ విధానం మాత్రం ఏటా ఒకటే మూస: మైదా రెండు కప్పులు, చక్కెర కప్పు, డ్రైఫ్రూట్స్ గుప్పెడు, పాలు తగినన్ని, ఒవెన్‌లో నలభై నిమిషాలు. పప్పుచారు దగ్గర ‘తగినంత’ చెల్లుతుంది. ఉప్పు తగ్గితే వేసుకుంటాం, పులుపెక్కితే నాలుగు నీళ్లు పోస్తాం. కేక్ ఒవెన్‌లోకి వెళ్లాక దిద్దుకునే వీలుండదు. అది పాడైతే చేసినామె తనకు చెయ్యి తిరగలేదని అనుకుంటుంది తప్ప, రాసినవాళ్లు కొలత సరిగా చెప్పలేదని అనుకోదు.

ముందు ఆ కప్పు సంగతి చూద్దాం. కొలత కప్పు అంటే 240 మి.లీ. మన ఇళ్లలో టీ తాగే కప్పుల్లో చాలావరకు అందులో సగానికి కాస్త అటూ ఇటూ. పోనీ అసలు కొలత కప్పే ఉందనుకుందాం. మైదాను జల్లించి చెంచాతో నింపితే 120 గ్రాములు పడుతుంది, డబ్బాలో కప్పు ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. రెండు కప్పులకు 60 గ్రాముల తేడా. మెత్తగా ఉండాల్సిన కేక్ గట్టి రొట్టె కావడానికి అది చాలు. వంటింటి డిజిటల్ కాటా ఒక కిలో ప్లమ్ కేక్ ఖరీదుకే దొరుకుతోంది. అది కొనుక్కోమని రాయండి, కొలతలు గ్రాముల్లో ఇవ్వండి.

ఏడంగుళాల (18 సెం.మీ.) గుండ్రటి టిన్నుకు సరిపడే కిలో కేక్ లెక్క ఇది. మైదా 180 గ్రాములు, వెన్న 150, చక్కెర పొడి 130, గుడ్లు 3, నానిన పండ్లు 300. మాడ్చిన చక్కెర పాకానికి విడిగా 80 గ్రాముల చక్కెర, 60 మి.లీ. వేడినీళ్లు. బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ. చెంచాతో తలగొట్టి. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి కలిపి కొట్టిన పొడి ఇంకో టీస్పూన్. అంగళ్లలో దొరికే పసుపుపచ్చని ఉప్పు వెన్న వాడితే వేరే ఉప్పు అక్కర్లేదు, తెల్ల వెన్నయితే చిటికెడు వేయాలి. ఇంట్లో చిలికిన వెన్న అయితే అందులోని నీళ్లు పిండేశాకే తూచాలి. ఆ నీళ్లుంటే వెన్న నురగ కట్టదు.

పండ్లంటే కిస్‌మిస్, నల్ల ద్రాక్ష, గింజ తీసిన ఖర్జూరం, చెర్రీ, తురిమి చక్కెరలో ఉడికించిన సంత్రా తొక్క. బేగంబజార్‌లో ఇవన్నీ ఒకే వీధిలో విడిగా తూచి ఇస్తారు. ‘కేక్ మిక్స్’ పేరుతో కట్టిన పొట్లాం కన్నా అదే మేలు, ఏది ఎంత వేస్తున్నామో తెలుస్తుంది. రమ్ములో నానబెట్టేవాళ్లు గాజు సీసాలో పోసి మూత బిగిస్తే నెలైనా బయటే ఉంటుంది. రమ్ము వద్దనుకునేవాళ్లకు ఈ నెలలో బండ్ల మీద కనిపించే నాగపూర్ సంత్రాలున్నాయి. 300 గ్రాముల పండ్లకు 100 మి.లీ. రసం పోసి, సన్నని సెగ మీద రసం ఇంకేదాకా ఉంచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజులకు మించకూడదు. రమ్ములోవాటిని ఉంచినట్టు రసంలోవాటిని కూడా వారం బయట ఉంచితే అవి పులుస్తాయి. మూత తీయగానే బుస్సుమంటే, పుల్లని వాసన వస్తే పారబోయడమే. టూటీ ఫ్రూటీని మాత్రం వీటితో నానబెట్టొద్దు. అది రంగేసిన పచ్చి బొప్పాయి ముక్క. నానితే రంగు దిగి అన్నిటికీ అంటుకుంటుంది. చివర్లో పొడిగా కలపాలి.

పండ్లకు మైదా పట్టిస్తే అడుక్కి దిగవని ప్రతి వంటలోనూ రాస్తారు. కొంత నిజమే. కానీ పిండి పలచగా ఉంటే ఎంత మైదా పట్టించినా దిగుతాయి. గరిటెతో తీసి వంచితే జారకుండా ఒక్క క్షణం ఆగి ముద్దగా పడాలి, అప్పుడే పండ్లు పైన నిలుస్తాయి.

ప్లమ్ కేక్ రంగూ రుచీ మాడ్చిన చక్కెరవే. అనుబంధాల్లో దీనికి దక్కేది ‘చక్కెరను క్యారమెల్ చేసుకోవాలి’ అన్న ఒక్క వాక్యం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకోండి. నల్ల నాన్‌స్టిక్‌లో పాకం రంగు కనపడదు. 80 గ్రాముల చక్కెర పొడిగా వేసి, సన్నని సెగ మీద పెట్టి, గరిటె పెట్టకుండా గిన్నెనే అటూ ఇటూ వంచుతూ ఉండాలి. అంచుల నుంచి కరగడం మొదలవుతుంది. మొదట తేనె రంగు, తర్వాత ఇటుక రంగు. తేనె రంగు దగ్గరే భయపడి దించేస్తే తీపి తప్ప ఏమీ మిగలదు, కేక్ పాలిపోతుంది. ఇటుక రంగు దాటి డికాక్షన్ రంగుకు తిరిగి, సన్నగా పొగ లేచి, నురగ పైకి రాగానే స్టవ్ ఆపాలి. ఆ రంగుకూ మాడు చేదుకూ మధ్య పదిహేను ఇరవై సెకన్ల కంటే ఎక్కువ ఉండదు. అందుకే 60 మి.లీ. వేడినీళ్లు ముందే పక్కన ఉండాలి, ఫోను పక్కన ఉండకూడదు. చల్లటి నీళ్లు పోస్తే పాకం రాయిలా బిగుసుకుంటుంది. వేడివే అయినా ఒక్కసారిగా పోస్తే చిటపటలాడి చేతి మీదికి ఎగురుతుంది. చెయ్యి చాచి, మొహం పక్కకు తిప్పి, చెంచాడు చెంచాడు పోయాలి. ఇది మరిగే నీళ్ల కంటే చాలా ఎక్కువ వేడి, పిల్లలను ఆ పరిసరాల్లోకి రానివ్వొద్దు. గడ్డలుంటే మళ్లీ ఒక నిమిషం వెచ్చబెడితే కరుగుతాయి. పూర్తిగా చల్లారాకే పిండిలో కలపాలి.

డిసెంబర్ పొద్దున హైదరాబాద్‌లో వెన్న గట్టిగా ఉంటుంది. దాన్ని స్టవ్ మీద కరిగించడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. కరిగిన వెన్న గాలిని పట్టుకోదు. వెన్నా చక్కెరా కలిపి గిలక్కొట్టేటప్పుడు లోపలికి చేరే సన్నటి గాలి బుడగలే తర్వాత వేడికి ఉబ్బి కేక్‌ను లేపుతాయి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలు జిడ్డుగా జారిపోకూడదు, అంత మెత్తదనం చాలు. తెల్లబడి తేలికయ్యేదాకా బీటర్‌తో ఐదారు నిమిషాలు, చేత్తో అయితే పన్నెండు పదిహేను. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేస్తే మిశ్రమం విరిగిన పాలలా ముక్కలవుతుంది. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, ఒక్కోటీ వేస్తూ కలపాలి. అప్పటికీ విరిగితే చెంచాడు మైదా వేయండి, సర్దుకుంటుంది. ఆపైన చల్లారిన పాకం, తర్వాత బేకింగ్ పౌడర్, మసాలా పొడితో కలిపి జల్లించిన మైదా, చివర పండ్లు. మైదా పడ్డాక బీటర్ పక్కన పెట్టి గరిటెతో కింది నుంచి పైకి మడవడమే. ఎక్కువ కలిపితే చపాతీ ముద్దలా సాగుతుంది. బేకింగ్ పౌడర్ ఎప్పుడు కొన్నారో గుర్తులేకపోతే చెంచాడు తీసి అర కప్పు వేడినీళ్లలో వేసి చూడండి. జోరుగా పొంగకపోతే అది పనికిరాదు.

ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఒవెన్) 160 డిగ్రీల దగ్గర పెట్టి కనీసం పావుగంట ముందే వేడిచేయాలి. టిన్ను లోపల రెండు వరసల బటర్ పేపర్ వేయాలి. పండ్లున్న కేక్‌కు 65 నుంచి 75 నిమిషాలు పడుతుంది. మొదటి 40 నిమిషాలు తలుపు తెరవొద్దు, తెరిస్తే నడుమ గుంట పడుతుంది. బేకింగ్ పౌడర్ ఎక్కువైనా అదే గుంట. నడుమ కొండలా లేచి పగిలిందంటే వేడి ఎక్కువైంది, పై పొర గట్టిపడ్డాక లోపలి పిండి ఉబికి వచ్చింది. చిన్న ఓటీజీల్లో బటన్ మీది అంకె నమ్మడానికి లేదు, లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి ఉంటే చాలా కేకులు దక్కుతాయి. పైన రంగు తొందరగా తిరుగుతుంటే ఫాయిల్ కప్పండి. పుల్ల గుచ్చి చూసినప్పుడు జిగట అంటితే వెంటనే పచ్చిగా ఉందనుకోవద్దు, పుల్ల కిస్‌మిస్‌కు తగిలి ఉండొచ్చు. ఇంకో చోట గుచ్చండి. దించాక పూర్తిగా చల్లారనిచ్చి, బటర్ పేపర్, ఫాయిల్ చుట్టి, ఒక రోజు ఆగి కోస్తే ముక్క పొడికాదు.

పాత పద్ధతిలో టిన్ను చుట్టూ న్యూస్‌పేపర్ చుట్టి దారం కట్టమని చెబుతారు, అంచులు మాడకుండా. పెద్ద బేకరీ భట్టీలో ఏమోగానీ, ఓటీజీలో కాయిల్ బెత్తెడు దూరంలో ఉంటుంది. వద్దు.

కుక్కర్ కేక్ సంగతి. రబ్బరూ విజిలూ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండ్ మీద టిన్ను పెట్టే పద్ధతి పనిచేస్తుంది, కానీ కిలో ప్లమ్ కేక్‌కు కాదు. వేడంతా కింది నుంచే వస్తుంది. పండ్లలో చక్కెర ఎక్కువ కాబట్టి నడుమ ఉడికేలోగా అడుగు మాడుతుంది. పైగా నీళ్లు లేకుండా గంటసేపు కాల్చడానికి చేసిన పాత్ర కాదు కుక్కర్. మూత బిగువుగా పట్టే మందపాటి పాత గిన్నె ఏదైనా నయం. పిండిని రెండు అరకిలో టిన్నుల్లో సగం దాకే నింపి, ఒకదాని తర్వాత ఒకటి, సన్నటి సెగ మీద 50-60 నిమిషాలు. పైన ఎర్రబడదు, అది లోపం కాదు. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ అయితే ఓటీజీలాగే వాడుకోవచ్చు. ఉత్త మైక్రోవేవ్‌లో ప్లమ్ కేక్ మాట మరిచిపోండి.

ఇక మూకుడు వంటలు. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే బస్తీల ఆంగ్లో-ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్‌కు చేసే కల్‌కల్స్ చూస్తే మన ఆడవాళ్లు ‘ఇవి గవ్వలే కదా’ అంటారు. నిజంగానే గవ్వలు. మనం బెల్లం పాకం పడతాం, వాళ్లు పిండిలోనే కొబ్బరిపాలు, చక్కెర పొడి కలిపి, పైన చక్కెర పాకం తెల్లగా పూత పూస్తారు. మైదా 250 గ్రాములు, బొంబాయి రవ్వ 50, చక్కెర పొడి 50, మరిగిన నెయ్యి 40, కొబ్బరిపాలు 110 మి.లీ. దాకా. నెయ్యి పోశాక పిడికిట పడితే ముద్ద నిలవాలి, అప్పుడే గుల్లగా వస్తాయి. గవ్వల చెక్క లేకపోతే ఫోర్కు వెనకవైపు చాలు. అంచు నొక్కకుండా వదిలేస్తే నూనెలో విచ్చుకుంటాయి, దళసరిగా చుడితే లోపల పచ్చిగా ఉంటాయి.

గులాబీ పువ్వులకు బియ్యప్పిండి 150, మైదా 100, చక్కెర పొడి 90, గుడ్డు ఒకటి, పాలు ముందు 250 మి.లీ., ఆపైన చూసుకుంటూ ఇంకో 30-40. దోసెల పిండిలా ఉండాలి. కొత్త అచ్చును ఒక రాత్రి గంజిలో నానబెట్టి, కడిగి తుడిచి, నూనెలో కాచాలి. వేడి అచ్చును పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి, పైఅంచు మునిగితే పిండి మూతపడి పువ్వు ఊడి రాదు. ముంచగానే సుయ్‌మని పిండి మొత్తం రాలిపోతే అచ్చు మరీ కాలింది, ఏమీ అంటకుండా జారితే చల్లబడింది. మొదటి నాలుగు పువ్వులు ఎవరికైనా పాడవుతాయి, పోనివ్వండి. చల్లారాక మెత్తబడితే నూనె కాగలేదని అర్థం.

ఒక మాట పత్రికవారికే చెప్పాలి. వేపినవి నూనె పీల్చడానికి న్యూస్‌పేపర్ మీద ఆరబోయడం మన ఇళ్లలో అలవాటు. సిరాలోని రసాయనాలు ఆహారానికి అంటుతాయని, అచ్చు కాగితం వాడొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. ఆ ముక్క మీ వంటల పేజీలోనే, మీ కాగితం మీదే అచ్చయితే బాగుంటుంది.

ఇళ్ల ముందు వేలాడదీసే క్రిస్మస్ స్టార్ల గురించి రాసే శీర్షికల్లో చార్టు ముక్కలూ మెరుపు పొడీ తప్ప మరేమీ కనపడటం లేదు. వెదురు బద్దల స్టారు ఎవరూ చెప్పడం లేదు. దానికి కావాల్సింది చిన్న లెక్క. తడికెలు, బుట్టలు అల్లే మేదర్ల దగ్గర సన్నగా చీల్చిన బద్దలు దొరుకుతాయి. 60 సెం.మీ. పొడవున్నవి పది, 12 సెం.మీ. ముక్కలు ఐదు. ఒక రాత్రి నీళ్లలో నానబెడితే వంచినప్పుడు విరగవు. పొడవాటి ప్రతి బద్ద మీదా రెండు కొసల నుంచీ 23 సెం.మీ. దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. ఐదు కోణాల నక్షత్రంలో గీతలు ఒకదాన్నొకటి దాటేది సరిగ్గా అక్కడే. పొడవు మారితే 0.382తో హెచ్చించండి, అంతే. ఐదు బద్దలను ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా అల్లి, దాటేచోట్లు గుర్తుల మీద పడేలా సర్ది, ఐదు కొసలూ కట్టేస్తే నక్షత్రం వంకర పోదు. గుర్తులు పెట్టకుండా కంటిచూపుతో కట్టినవాటికి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి.

ఇలాంటివి రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొసల దగ్గర మాత్రమే కలిపి కట్టాలి. తర్వాత లోపల దాటే ఐదు చోట్లా, ముందు చట్రానికీ వెనక చట్రానికీ మధ్య 12 సెం.మీ. ముక్కలు నిలువుగా దోపితే స్టారు పొట్ట ఉబ్బుతుంది. కట్టడానికి నూలు పురికొస వాడండి. నిషేధంలో ఉన్నా చాటుగా అమ్మే చైనా మాంజా వద్దే వద్దు, ఆ నైలాన్‌కు ముడి కూడా నిలవదు.

కాగితం దగ్గర హైదరాబాద్ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. సంక్రాంతి పతంగుల కోసం ధూల్‌పేటలో డిసెంబర్‌లోనే పని సాగుతుంటుంది, ఆ పతంగి కాగితం వెలుగును చక్కగా వదులుతుంది. స్టారంతా ఒకే తావుతో కప్పాలని చూస్తే మడతల దగ్గర ముడతలు పడతాయి. ముక్కలుగా కోయాలి. 14 సెం.మీ. అడుగు, 23 సెం.మీ. భుజాలతో త్రికోణాలు పది, 12 అడుగు, 23 భుజాలతో సన్నవి పది, 14 సెం.మీ. భుజమున్న పంచకోణాలు రెండు. అన్నిటికీ అంటించడానికి చుట్టూ సెంటీమీటరున్నర అదనం. సన్న త్రికోణాల్లో ఒకటి అంటించకుండా ఉంచితే బల్బు పెట్టే దారి. జిగురుకు 20 గ్రాముల మైదా, 200 మి.లీ. చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అద్దంలా మెరిసేదాకా ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసే పాత అలవాటు పిల్లలున్న ఇంట్లో మానుకోవాలి, అది విషం. ఏ రోజు జిగురు ఆ రోజే చేసుకోండి. అంటించినవి ఆరాక నీళ్లు సన్నగా చిలకరిస్తే, మళ్లీ ఆరేటప్పుడు కాగితం బిగుసుకుంటుంది. రంగు కాగితమైతే ముందు ఒక ముక్క తడిపి చూడండి, కొన్ని రంగులు కారతాయి.

బల్బు 3 నుంచి 5 వాట్ల ఎల్‌ఈడీ. అటక మీద మిగిలిన పాత 60 వాట్ల బల్బు పెడితే కాగితం కాలుతుంది. హోల్డర్‌ను వైరు మీద వేలాడదీయకుండా లోపలి వెదురు ముక్కకు కట్టాలి, నోరు కిందికి ఉండాలి. రాత్రి మంచుకు కాగితం వదులవుతుంది కాబట్టి డాబా మీద కన్నా వరండా కప్పు కిందే మంచిది.

క్రిస్మస్‌కు ఇంట్లో యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ పెట్టేవాళ్లు ప్లాస్టిక్ గడ్డి కొనక్కర్లేదు. 100 గ్రాముల గోధుమలు ఒక రాత్రి నానబెట్టి, పళ్లెంలో రెండు సెంటీమీటర్ల మట్టి పరిచి దగ్గర దగ్గరగా చల్లి, రెండు రోజులు గుడ్డ కప్పి ఉంచాలి. తర్వాత వెలుతురులో పెట్టి రోజూ తడి చిలకరించడమే. నీళ్లు నిలిస్తే బూజు పడుతుంది. 14న చల్లితే 24 నాటికి జానెడుకు కాస్త తక్కువగా లేచి పాక చుట్టూ పచ్చగా నిలబడుతుంది.

ఇక్కడే నా రెండో ఫిర్యాదు. క్రిస్మస్ అనుబంధం వచ్చేసరికి 20వ తేదీ దాటుతుంది. అప్పటికి గోధుమలు మొలవవు, రమ్ములో పండ్లు నానవు. వచ్చే ఏడాది నవంబర్ చివరి ఆదివారానికి వేయండి. ఈలోగా సంక్రాంతి పేజీ సిద్ధమవుతూ ఉంటే, అరిసెల దగ్గర ‘పాకం వచ్చాక’ అని వదిలేయకండి. నీళ్ల గిన్నెలో వేసిన బొట్టు వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలని, గిన్నెకేసి కొడితే టంగుమనేది గవ్వలకే గానీ అరిసెలకు పనికిరాదని కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు
లాలాగూడ, సికింద్రాబాద్